లైబ్రరీల పాన్ వాసన

నాగిరెడ్డిపేట పక్కన మా ఊరు. జీతమిచ్చేటోళ్లు లేక ఊరి లైబ్రరీ మూతపడే కాలమొచ్చింది. ఎరువుల దుకాణపాయన ఆ గది అడిగిండు. అప్పుడు బీడీలు చేసే ఆడోళ్లం ఒక ఉపాయం చేసినం. పొద్దూకితే బీడీల చాటలు పట్టుకొని అండ్లనే కూసుంటం, ఊడుస్తం, కరెంటు బిల్లు మేమే కడతం. ఎల్లారెడ్డి కాలేజీకి పోయొచ్చే శ్వేత పిల్ల పైకి చదువుతది, మేం ఇనుకుంట ఆకు చుడతం. సర్పంచ్ ఒప్పుకొని ఒక్క మాట పెట్టిండు: "చదువుడు ఆగిన్నాడు తాళమేస్త."

ఆ రోజు వాన. ఎల్లారెడ్డి బస్సు రాలే, శ్వేత రాలే. సర్పంచ్ మాత్రం తాళం పట్టుకొని గడపల కుర్చీ ఏసుకున్నడు.

"ఏంది గంగమణవ్వా, ఇయ్యాల చదువు లేదా?" అని నవ్విండు.

నాకు సంతకమే వస్తది. గని తల దించుడు నా ఒంట్ల లేదు.

"నేను చదువుత" అన్న.

"నీకెప్పుడొచ్చిందవ్వా చదువు?" అని ప్రమీల గుసగుసలాడింది.

"నోర్ముయ్. ఆకు సక్కగ చుట్టు."

శ్వేత పెట్టిపోయిన పుస్తకం తెరిచిన. అంతల్నే కరెంటు పోయింది. దీపం ముట్టిచ్చిండ్రు. తడిసిన కాగితాల వాసన, తంబాకు వాసన... వాటి నడుమ పాన్ వాసన. మాలో పాన్ తినేటోళ్లు లేరు. నేనైతే జన్మల ముట్టలే.

ఆ వాసన నాకెరుకే. పోయినేడు సచ్చిపోయిన, ఈ లైబ్రరీ నడిపిన సిద్ధిరాములుది. "నీకెందుకే పుస్తకం, ఆకు కత్తిరించుకో పో" అని నలుగురి ముందల అన్నడు. బతికున్నన్ని రోజులు ఆయన గడప తొక్కలే. సావుకు సుత పోలే.

అక్షరాలు చీమలోలె కదిలినయి. నోరు తెరిచిన...

మాట వచ్చింది. నాది కాదు.

బొంగురు గొంతు. ఆపబోయిన. ఆగలే. నా ఏలు దానంతటదే నాలుకకు పోయింది... పేజీ తిప్పింది. చెవి పక్కన ఎవరో ఊపిరి తీస్తున్నరు. చల్లగ...

"మంచిగ చదివినవ్ అవ్వా. గొంతే జర పడిశం పట్టినట్టున్నది" అని సర్పంచ్ లేచిండు. "ఇగ రోజూ నువ్వే చదువు." తాళం జేబుల ఏసుకొని పోయిండు.

లైబ్రరీ నిలిచింది. ఆడోళ్లు చప్పట్లు కొట్టిండ్రు. 'నాకు చదువు రాదే' అని చెప్పాలె. చెప్పలే. పగోని నోటితోని పేరు తెచ్చుకున్న. సిగ్గుతోని తల లేవలే.

ప్రమీల దీపం నా మొఖం దగ్గర పట్టింది. నవ్వు ఆపింది.

"అవ్వా... నీ నోరేంది గంత ఎర్రగున్నది?"

కొంగుతోని తుడుసుకున్న. నాలుక కింద ఏదో గట్టిగ తగిలింది. చేతిల ఉమ్మిన.

వక్క పలుకు... సగం నమిలింది.