గౌతమికి మోడలింగ్ కావల్ల

కొళాయి వచ్చే రోజు జయంతి ఇంట్లో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. బిందెల మోత, అత్త నల్లమ్మ కేకలు, వాటన్నిటి మీదా వెనకవైపు షెడ్డులో భర్త నల్లప్ప నడిపే జీన్స్ యూనిట్ మిషన్ల రొద. రాయదుర్గంలో సగం ఇళ్ల సంగతి ఇంతే. ఆ పొద్దున మాత్రం కరెంటూ కొళాయీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పోయాయి. ఇల్లు ఉన్నట్టుండి ప్రార్థన మొదలైన చర్చిలా అయిపోయింది. వంటింట్లో ఉగ్గాణికి నానేసిన బొరుగులు పిండుతున్న జయంతికి, నడవలో ఫోన్లో మాట్లాడుతున్న కూతురి గొంతు తేటగా వినబడింది.

"మోడలింగే అన్నా. వేరేది వద్దే వద్దు... బాడీ గట్టిగుండల్ల, అంతే... లే, ఫోటో చూసి ఎట్ల చెప్పేది? బెంగుళూరికొచ్చి నేరుగా చూసినాకనే... నాయనకింకా చెప్పలే. చెప్తే ఏమంటాడో ఏమో."

జయంతి చేతిలో బొరుగులు ముద్దయిపోయాయి.

గౌతమి ఫోన్ పెట్టేసి, నిలబడే రెండు ముద్దలు తిని, "ఈ పొద్దు ఉగ్గాణి ఏంది ఇట్లుంది?" అని మాత్రం అడిగి, కంప్యూటర్ క్లాసుకు పోయింది. ఆపి అడుగుదామనుకుంది జయంతి. అంతలోనే పిల్ల గడప దాటేసింది.

మోడలింగ్ అంటే ఏమిటో ఆమెకు తెలియకపోలేదు. షెడ్డు గోడకు బళ్లారి వ్యాపారి పంపిన జీన్స్ పోస్టరొకటి ఉంది. అందులో ఒక అమ్మాయి, ముఖంతో ఎవరికీ పని లేదన్నట్టు, వెనక్కి తిరిగి నిలబడి ఉంటుంది. "సరుకు కనపడద్దా?" అంటాడు నల్లప్ప. జయంతి ఊరుకోక దానిమీద చర్చి క్యాలెండరు తగిలించింది. కానీ రాయదుర్గం గాలి సంగతి తెలిసిందే. గాలి కొట్టినప్పుడల్లా క్యాలెండరు మీది బైబిలు వాక్యం పక్కకు జరిగేది, పిల్ల బయటపడేది.

ఇప్పుడామెకు అన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. కొన్ని నెలలుగా గౌతమి మాట తగ్గింది. గదిలో చూస్తే, గిటారు ఒళ్లో పెట్టుకుని, దాని చెక్కకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని కూర్చుని ఉండేది. వయసులో ఉన్న పిల్ల, ఏదో దిగులనుకుంది తల్లి. దిగులు కాదు, బెంగుళూరు!

"ఏమ్మే, మొగం అట్ల పెట్టినావు?" అంది నల్లమ్మ, వక్క నములుతూ.

చెప్పకూడదనుకుంటూనే జయంతి చెప్పేసింది.

"మోడలంటే?"

"షెడ్డులో క్యాలెండరు కింద ఉండాది చూడు, అది."

నల్లమ్మ లేచి, కర్ర పట్టుకుని షెడ్డులోకి పోయి, క్యాలెండరెత్తి చూసి వచ్చింది. వక్క ఉమ్మేసి, "దేవుడా!" అని అరుగు మీద కూలబడింది.

మధ్యాహ్నం అన్నానికొచ్చిన నల్లప్పకు కంచంలో సంగటి, దానిమీద ఈ కబురు ఒకేసారి పడ్డాయి. ఆయన చేయి పప్పులోనే ఆగిపోయింది.

"సరిగ్గా విన్యావా?"

"బాడీ గట్టిగుండల్లంట. ఇంకేం వినల్ల?"

"ఎవరా అన్న?"

"నాకేం తెలుసు? అంతా నువ్వు తెచ్చి పెట్టిందే. పెండ్లీడు పిల్లున్న ఇంట్లో గోడకు ఆ బొమ్మేందయ్యా అని మొత్తుకున్నా. సరుకు కనపడల్లంటివి. కనపడె!"

నల్లప్ప సగం కంచం వదిలి లేచి, నడవలో కూర్చున్నాడు. మామూలుగా సంగటి వదిలే మనిషి కాడు. అది చూసి జయంతికి భయం రెట్టింపయింది. తిడతాడనుకుంది గానీ, ఇట్లా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటాడనుకోలేదు. పట్నానికి పోయిన పిల్ల మళ్లీ ఈ గడపలోకి ఏ ముఖంతో వస్తుంది, అసలు వస్తుందా? ఆ ఆలోచన వచ్చాక ఆమెకూ అన్నం దిగలేదు.

సాయంత్రం గౌతమి వచ్చేసరికి నడవలో ముగ్గురూ వరసగా కూర్చుని ఉన్నారు. షెడ్డు తలుపు మూసి ఉంది. పని దినాన మిషన్లు ఆగడం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు.

"ఎవరన్నా పోయినారా?" అంది, చెప్పులు విడుస్తూ.

"కూచో పాపా," అన్నాడు నల్లప్ప. గొంతు సవరించుకున్నాడు. "నువ్వనుకుండేది మనకు సరిపోదమ్మా. మనట్లాంటోళ్లకు కాదది."

గౌతమి ముఖం వాడిపోయింది. "తెలిసిపోయిందా? సరిపోదంటే ఎట్ల నాయనా? ఇప్పుడందరూ అదే. బళ్లారిలో చర్చిలోనే చేస్తాండారు."

"చర్చిలోనా!" జయంతి లేచి నిలబడింది.

"ఊ. ఆదివారం ఆరాధనలో. ఏడాదయింది."

"మన పాస్టరయ్యగారేమీ అనడంలేదా?" అన్నాడు నల్లప్ప నీరసంగా.

"ఆయనేమంటాడు? గౌతమీ, నీకు మోడలింగ్ అయితేనే బాగుంటాదని చెప్పిందే ఆయన! వాళ్లక్క కొడుకు గిరన్నే బెంగుళూరులో చూపిస్తానన్యాడు."

"వాని పాడె గట్ట!" అంది నల్లమ్మ, ఏ పాస్టరు చేతిమీద బాప్తిస్మం తీసుకుందో ఆ పాస్టరునే. "తెల్లగుడ్డలేసుకోని ఇదా వాడు చేసే పని?"

జయంతికి ఏడుపు తన్నుకొచ్చింది. "నీకు మేమేం తక్కువ చేసినామే? నలుగురూ నిన్ను అట్ల చూస్తా ఉంటే మేం తలెత్తుకోని తిరగల్లా?"

"చూస్తే ఏమయితాది? అందరి ముందర కూచోని చేసేదే కదా. నేను ఊరికే అడగడంలే, ట్యూషన్లు చెప్పి సగం దుడ్లు నేనే పెడతా."

"మనమే ఎదురు దుడ్లు పెట్టల్లా?" నల్లప్ప తల పట్టుకున్నాడు. "ఏం దొంగ కంపెనీనే అది!"

గౌతమి వాళ్ల ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. ఎక్కడో తిరకాసుందని అర్థమయింది. సంచిలోంచి మడత పెట్టిన రంగు కాగితం తీసి తండ్రి చేతిలో పెట్టింది. "నాయనా, మీరు దేని గురించి మాట్లాడతాండారు? నేను చెప్పేది దీని గురించి."

నల్లప్ప కాగితం విప్పాడు. భయంగా, ఒక కంటితోనే చూశాడు. అందులో ఏ అమ్మాయీ లేదు. నల్లటి ఇనప పెట్టె ఒకటి ఉంది. పైన నాలుగు తిప్పుడు మీటలు, కింద కాలితో తొక్కే మూడు గుండీలు.

"ఇదేంది? తూకం మిషనా?"

"గిటారు పెట్టె. పెద్ద పెద్ద యాంప్లిఫైయర్లుంటాయి, ఒక్కోటి బీరువా అంత. ఒక్కోదాని సద్దు ఒక్కో తీరు. గిటారు వైరు దీనికి పెడితే వాటన్నిటి సద్దూ ఇదొక్కటే చేస్తాది. దాన్నే మోడలింగ్ అంటారు."

నల్లప్ప కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంటే," అన్నాడు నల్లప్ప మెల్లగా, "అసలుది ఉండదు. అసలుదాని మాదిరే ఉంటాది."

"ఊ."

"డూప్లికేటు!"

"...అట్లే అనుకో."

"అట్ల చెప్పు పాపా!" ఫారిన్ లేబుల్ వేసి ప్యాంట్లు కుట్టే మనిషికి అంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు. నల్లప్ప నవ్వు మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్ల నీళ్లొచ్చాయి. జయంతికీ వచ్చాయి గానీ, ఆమెవి ఏ రకమో ఆమెకే తెలియలేదు. మొత్తం సంగతి తెలిశాక గౌతమి, "నేనా? ఆ పోస్టరులో మాదిరా?" అంటూ నోరు తెరిచింది. నల్లమ్మ మాత్రం, "పాస్టరు మంచోడే, నేనెప్పుడూ చెప్తానే ఉంటా," అని ఇంకో వక్క నోట్లో వేసుకుంది.

"దీనికి దాపరికమెందుకే?" అంది జయంతి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఉండే స్పీకరు చాలదా? అటక మీద పెట్టేస్తివి."

గౌతమి తల వంచుకుంది. "అది పెడితే నాయన కోప్పడ్డాడు కదా. పొద్దంతా మిషన్లు, ఇంటికొచ్చినా చెవుల్లో అవే తిరుగుతాండాయి, నీ సద్దు ఆపు తల్లీ అన్యాడు. అప్పట్నుంచి వైరు పెట్టకుండానే వాయిస్తాండా. అట్లయితే దాని సద్దు నాకే సరిగా వినపడదు. చెవి చెక్కకు ఆనిస్తే కొంచెం తెలుస్తాది. ఈ పెట్టెకయితే హెడ్‌ఫోను పెట్టుకోవచ్చు. నాకొక్కదానికే వినపడతాది, నాయన పండుకోవచ్చు."

జయంతి చేతిలో కొంగు అట్లాగే ఆగిపోయింది. చెక్కకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని కూర్చున్న పిల్ల. దిగులనుకున్నది. ఇన్నాళ్లూ ఆ పిల్ల వింటూ ఉంది.

నల్లప్ప నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. కాగితాన్ని మళ్లీ మడిచాడు, మళ్లీ విప్పాడు. "అట్లంటినా నేను?" అన్నాడు. అని ఉంటాడని ఆయనకే తెలుసు. లేచి షెడ్డులోకి పోయాడు. అక్కడ గోడ మీంచి పోస్టరు చింపిన చప్పుడు గట్టిగా వినబడింది. తిరిగొచ్చి, "శనివారం బెంగుళూరు పోదాం. అందరం," అన్నాడు.

"కరెంటు పోతే దానికేం పెడతావే?" అంది నల్లమ్మ. రాయదుర్గంలో ఏ వస్తువు కొన్నా ముందు అడగాల్సిన మాట అదే.

బెంగుళూరు దుకాణంలో పాస్టరు అక్క కొడుకు గిరి రెండు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. పెద్దదానికి ఒంటినిండా గుండీలు, లైట్లు. చిన్నది కాగితంలో ఉన్న ఇనప పెట్టె, బ్యాటరీతోనూ నడుస్తుంది. గౌతమి ఒకదాని తర్వాత ఒకటి హెడ్‌ఫోను పెట్టుకుని వాయించింది. ఎటూ తేల్చుకోలేకపోయింది. పెద్దదాంట్లో సద్దులు ఎక్కువ, అయినా...

"ఆ చిన్నది," అంది జయంతి.

"నీకేం తెలుసమ్మా? నీకు వినపడనే లేదే."

"పెద్దది వాయిస్తాంటే పరీక్ష రాస్తాండేదాని మాదిరి మొగం పెడితివి. చిన్నది పెట్టినాక మేముండేదే మరిచిపోతివి."

గౌతమి మళ్లీ చిన్నదాని ముందు కూర్చుంది. మూడోసారి వాయించాల్సిన పని పడలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు నల్లప్ప, "నాకూ ఒకసారి పెట్టు," అన్నాడు. "నాకో?" అంది జయంతి. హెడ్‌ఫోను ఒక్కటే. ఒక చెవి ఆయనకు, ఒక చెవి ఆమెకు, తలకు తల ఆనించుకుని కూర్చోక తప్పలేదు. "ఈ వయసులో సిగ్గుల్యాకపోతే సరి," అంది నల్లమ్మ. గౌతమి కాలితో గుండీ తొక్కి తీగ మీటింది. గరగరమని ఒకటే మోత.

"ఇది మన షెడ్డులో ఓవర్‌లాక్ మిషన్ కదమ్మే!" అన్నాడు నల్లప్ప.

గౌతమి ఇంకో గుండీ తొక్కింది. ఈసారి చర్చిలో పాడే పాటే, కానీ ఎత్తయిన గుళ్లో ఎవరో ఒంటరిగా పాడుకుంటున్నట్టు వచ్చింది. పాట అయ్యేదాకా ఇద్దరూ కదల్లేదు. తర్వాత నల్లప్ప హెడ్‌ఫోను తీసి, నిచ్చెన తెచ్చి, అటక మీది స్పీకరు దించాడు. దుమ్ము తన పంచెతోనే తుడిచాడు.

"మిషన్ల సద్దు పొద్దంతా వింటా. ఇది వినలేనా? అవ్వకూ వినపడల్ల," అన్నాడు.

మరుసటి వారం కొళాయి దగ్గర పక్కింటి వెంకటలక్ష్మమ్మ బిందె పక్కన పెట్టి, గొంతు తగ్గించింది. "జయంతమ్మా, మీ పాపను మోడలింగ్‌లో పెట్టినారంటనే? మీ ఆయనే సంతోషంగా చెప్పుకుంటాండాడంట. నిజమేనా?"

జయంతి బిందె చంకకెత్తుకుంది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ ఆ పొద్దు తన చేతిలో ముద్దయిన బొరుగులు గుర్తొచ్చాయి. తాను ఒక పూటంతా పడ్డ బాధలో ఇంకొకరు కొంచెం పంచుకుంటే తప్పేమీ లేదనిపించింది.

"నిజమే వెంకటలక్ష్మమ్మా. పాస్టరుగారే దగ్గరుండి చూపించినాడు. ఆదివారం చర్చిలో చేస్తాది, వచ్చి చూడు."

వెనక వెంకటలక్ష్మమ్మ బిందె నిండి పొర్లిపోతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. జయంతి తిరిగి చూడలేదు. ఇంట్లోంచి, మిషన్ల రొదను దాటుకుని, కూతురి గిటారు గట్టిగా వినబడుతోంది.