ఆత్రగాడి ఆఫ్రికా చేపలు

"ఎవరండీ లోపల? ఒకసారి ఇటు రండి! మీ అద్దకం నీళ్ళు నా చేపని బొగ్గులా చేసేశాయి!"

ఉప్పెన వచ్చిన రెండో ఏడు. బందరులో రాత్రంతా కురిసిన వాన అప్పుడే కాస్త తెరిపిచ్చింది. రహంతుల్లా గారి కలంకారీ కార్ఖానా గుమ్మంలో, గొడుగైనా లేకుండా, ఓ గాజు సీసాని గుండెలకి హత్తుకుని నిలబడ్డాడు అబ్దుల్ గఫార్. సీసాలో వేలెడు చేప.

గఫార్‌ది కోనేరు సెంటర్లో రేడియో రిపేరు షాపు. పనిమంతుడే. ఆత్రం మాత్రం అందరికంటే ఆరు మూరలు ఎక్కువ. ఎవరైనా రేడియో పలకటం లేదని తెస్తే, స్క్రూలన్నీ ఊడదీసి బల్లనిండా పరిచాక, అప్పుడు అడిగేవాడు, "సెల్లులు మార్చారాండీ?" అని.

లోపల బల్లమీద పరిచిన గుడ్డకి టేకు అచ్చుతో అంచు వేస్తున్న అమ్మాయి తలెత్తింది. రహంతుల్లా గారి కూతురు హలీమా. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ, ఆ గోడ కింద ఒకటే నుయ్యి. కాని గఫార్ వాళ్ళు ఈ ఇంట్లో దిగి ఎన్నాళ్ళో కాలేదు. గోడ అవతల బొక్కెన చప్పుడు విన్నాడే గాని మనిషిని చూడలేదు. చూసి ఉంటే అంత కేక వేసేవాడు కాడేమో!

"చేప బొగ్గవటమేంటండీ?" అంది హలీమా.

"మీరే చూడండి! మద్రాసు మూరుమార్కెట్లో కొన్నానండీ. ఆఫ్రికా చేపలు. సిక్లిడ్లంటారు. తెచ్చినప్పుడు రెండూ పసుపుపచ్చగా మెరిసిపోయేవి. ఈ వానలకి మీ కాలవ పొంగి నూతిలో కలిసింది. ఆ నీళ్ళే తొట్టిలో పోశాను. చూస్తూ చూస్తుండగానే ఇది నల్లబడిపోయింది!"

హలీమా దగ్గరికొచ్చి సీసాలోకి చూసింది. నల్లని ఒంటిమీద లేత నీలం చారలు. సీసా మొత్తం తన సొంత ఆస్తి అన్నట్టు రెక్క విప్పుకుని తిరుగుతోంది చేప.

"మా నలుపు ఇనపముక్కల్ని బెల్లం నీళ్ళలో నానేసి చేస్తామండీ. అది గుడ్డకి పట్టాలంటే ముందు కరక్కాయా పాలూ కలిపి తడపాలి. ఎండలో ఆరెయ్యాలి. అచ్చు వేసి, కాలవలో జాడించి, మళ్ళీ ఆరెయ్యాలి. మీ చేపకి ఇవన్నీ చేయించారా?"

"అంటే..."

"రెండన్నారుగా. రెండోదేదీ?"

"అది... పసుపుపచ్చగానే ఉందండీ."

"ఒకే తొట్టి? ఒకే నీళ్ళు?"

"ఆఁ."

"అయితే మా రంగు మనిషి మొహం చూసి అంటుకుంటుందన్నమాట."

పనివాళ్ళు గొల్లున నవ్వారు. గఫార్ చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడే పెరట్లోంచి రహంతుల్లా వచ్చారు. మణికట్ల దాకా రంగు. సీసా వంక చూశారు, కుర్రాడి వంక చూశారు. తాపీగా గుడ్డతో చేతులు తుడుచుకుని, "బాబూ, కాస్త కింద చూసుకో" అన్నారు.

గఫార్ చూసుకున్నాడు. ఆరేసిన తాను అంచుమీద బురదకాళ్ళతో నిలబడి ఉన్నాడు. సీసా ఒలక్కుండా వెనక్కి వెనక్కి నడిచి వీధిలో పడ్డాడు. హలీమా చెంగు నోటికి అడ్డం పెట్టుకోవటం మాత్రం కనిపించింది.

మర్నాడు సాయంత్రం హలీమా దాదీ నాగూర్ బీ మనవరాలిని వెంటబెట్టుకుని గఫార్ ఇంటికి స్వయంగా వచ్చింది.

"ఏదిరా అబ్బాయ్, మా రంగు పడ్డ చేప? నాకూ చూపించు."

ఇనప ఫ్రేముకి అద్దాలు బిగించి గఫార్ చేసుకున్న తొట్టి అది. లైటు వేశాడు. నాపరాళ్ళ గుహలోంచి నల్లది కత్తిలా దూసుకొచ్చింది. రాళ్ళ వెనక నుంచి పసుపుపచ్చది నెమ్మదిగా తొంగి చూసింది. వెన్నుమీద కాటుకతో గీసినట్టు రెండు చారలు. హలీమా మోకాళ్ళమీద కూర్చుని అద్దానికి ముక్కు ఆనించింది. ఆఫ్రికా చేపల్ని చూడాల్సిన గఫార్ అద్దంలో ఆమె కళ్ళనే చూస్తున్నాడు.

"ఇందులో వింతేముందిరా?" అంది దాదీ. "కోళ్ళలో చూళ్ళేదూ? పెట్టది ఒక రంగు, పుంజుది ఒక రంగు. చిన్నప్పుడు రెండూ ఒక్కలాగే ఉంటాయి. వాడికి ఈడొచ్చింది, రంగు తిరిగింది. అంతే!"

గఫార్ నాలిక్కరుచుకున్నాడు. అదే సమయానికి కరెంటు పోయింది. అతను ఒక్క గెంతులో సైకిలు పంపు తెచ్చి, రబ్బరు గొట్టం తగిలించి, తొట్టిలోకి గాలి కొట్టడం మొదలెట్టాడు.

"ఏంటండీ అది?" అంది హలీమా కంగారుగా.

"మోటారు ఆగిపోయిందిగా! వాటికి గాలాడొద్దూ?"

"కరెంటు తెల్లార్లూ రాకపోతే?"

"తెల్లార్లూ కొడతాను."

హలీమా పకపకా నవ్వింది. ఆ నవ్వుకి గఫార్ లెక్క తప్పి పంపు వదిలేశాడు. "ఇలా ఇవ్వండి, నేను కొడతాను" అంటూ ఆమె చెయ్యి చాచేసరికి దాదీకి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

అది మొదలు, చేపల్ని చూస్తే కళ్ళకి చలవ చేస్తుందని దాదీకి తోచింది. చలవ కోసం తరచూ రావాల్సి వచ్చింది. ఒంటరిగా నడవలేదు గనక తోడుగా హలీమా. హలీమా ఊరికే కూర్చోలేదు గనక చేతిలో కాగితమూ పెన్సిలూ. చేపని అచ్చులోకి దించాలని ఆమె పట్టుదల. నల్లదాన్ని గీసేలోపల అది మాయమయ్యేది. "మీ చేప అచ్చం మీలాగే. నిలకడ లేదు" అనేది. "మీరు నిలబడమని చెప్పి చూడండి, నేనైతే నిలబడతాను" అనేవాడు గఫార్. ఆ మాటకి పెన్సిలు ములుకు విరిగేది.

గిలకలదిండి నుంచి చేపల గంప ఎత్తుకొచ్చే కనకరత్నం కూడా ఒకరోజు తొట్టి ముందు ఆగింది. "ఈ రెంటికీ చింతపండు దండగ" అని తేల్చేసి వెళ్ళిపోయింది.

గఫార్‌కి ప్రేమ పుట్టింది. ఇందులో దాపరికమేం లేదు. వీధి మొత్తానికి తెలుసు. చెప్పాల్సిన మనిషికి తప్ప అందరికీ చెప్పినట్టే తిరుగుతున్నాడు.

ఒకనాడు నూతి దగ్గర, గోడకి అటునుంచి హలీమా అంది, "గుడివాడ నుంచి సంబంధం వచ్చిందండీ. బట్టలకొట్టు వాళ్ళు. బక్రీదు వెళ్ళాక అబ్బాజాన్ మాట ఇస్తారట."

గఫార్ చేతిలో చేంతాడు జారింది. బొక్కెన బుడుంగుమంది.

"మీకు... ఇష్టమేనా?"

"మీరేమంటారు?"

"నేననేదేముంది? మంచి సంబంధమే కదండీ."

అటువైపు బొక్కెన గట్టుమీద ఠంగుమని పడింది.

"ఊళ్ళోవాళ్ళ రేడియోలన్నీ అడక్కుండా విప్పేస్తారే! ఇక్కడొచ్చేసరికి ఎక్కడలేని నిదానమూ వచ్చిందా మీకు?" అంది హలీమా. గొంతులో కోపం ఉంది. కోపం చివర చిన్న వణుకుంది. ఆ వణుకు విన్నాడు గఫార్.

బొక్కెన నూతిలోనే వదిలేసి ఇంట్లోకి పరిగెత్తాడు. "అమ్మీ! చెప్పులేసుకో!"

గఫార్ తల్లి కరీమున్నీసా ఆ సాయంత్రమే రహంతుల్లా గారింట్లో పిల్లని అడిగి వచ్చింది. వచ్చి పీటమీద కూలబడింది.

"కుర్రాడు మంచివాడేనమ్మా అన్నారురా. సంపాదన మీద కూడా బెంగలేదన్నారు. 'కాని ఆత్రగాడు. మా పనిలో ఒక రంగు ఆరకుండా రెండోది వేస్తే తాను మొత్తం పాడవుతుంది. కాపరమూ అంతే. అనుమానం వస్తే ముందు అరిచి, తర్వాత ఆలోచించేవాడికి పిల్లనిచ్చి నేను గుండెలు అరచేత పట్టుకుని బతకలేను' అన్నారు."

గఫార్‌కి తెలుసు. అన్నవన్నీ నిజాలే.

అది చాలదన్నట్టు, ఆ వారంలోనే పసుపుపచ్చ చేప తిండి మానేసింది. ఉడికిన గుడ్డుసొన వేసినా, ఎర్రలు తెచ్చి వేసినా మొహం తిప్పేసుకుంది. దవడ కింద ఉబ్బింది. గవదబిళ్ళలని ఒకరు, ఉప్పు వెయ్యమని ఒకరు, పసుపు కలపమని ఒకరు, వేరే తొట్టిలోకి తియ్యమని ఒకరు. గఫార్ ఉప్పుడబ్బా మూత తీశాడు కూడా. ఆ సమయానికి గోడ అవతల నుంచి పిలుపు వచ్చింది.

"దాదీ చెప్పింది. ఏం వేశారు?" అంది హలీమా.

"ఇంకా ఏం వెయ్యలేదు. వెయ్యబోతున్నాను."

"రెక్కలు ముడుచుకుందా?"

"లేదు."

"రంగు తగ్గిందా?"

"లేదండీ, ఇంకా మెరుస్తోంది."

"అయితే వద్దు. ఈ ఒక్కసారికి ఏమీ చెయ్యకుండా చూస్తూ ఉండండి. అబ్బాజాన్‌ని మెప్పించటానికి కాదు. నాకోసం."

గఫార్ ఉప్పుడబ్బా అటకమీద పెట్టేశాడు. ఏమీ చెయ్యకుండా ఉండటం ఇంత కష్టమైన పనని అతనికి అంతవరకూ తెలియదు. షాపులో కూర్చున్నా ప్రాణం తొట్టి దగ్గరే. చెయ్యి దురద పెడితే వెనక్కి కట్టుకునేవాడు.

ఒకరోజు మసీదు నుంచి వస్తూ రహంతుల్లా గుమ్మంలో ఆగారు.

"చేపకి బాగాలేదటగా? ఏం మందు వేశావు?"

"వెయ్యలేదు చాచా. చూస్తున్నాను."

"చూస్తే తగ్గుతుందా?"

"తగ్గకపోవచ్చు. జబ్బేంటో తెలియకుండా చెయ్యి పెడితే చచ్చిపోవచ్చుగా."

రహంతుల్లా తొట్టివైపు తొంగిచూసి వెళ్ళిపోయారు. మర్నాడు మళ్ళీ ఆగారు. ఆ తర్వాత ఆగటం పోయి, లోపలికొచ్చి కూర్చోవటం మొదలైంది. జీవితమంతా రంగులతో బతికిన మనిషి. ఆ పసుపుని చూసి, "ఎన్ని దానిమ్మ తొక్కలు ఉడకేసినా నాకీ రంగు రాలేదు. దీనికెవరు అద్దారో!" అనుకునేవారు. "తిందా?" అని ఆయన, "లేదు" అని గఫార్. ఇద్దరి మధ్యా అంతకుమించి మాటలుండేవి కావు. ఇంటికెళ్ళి మాత్రం చేప చిక్కిపోతోందని అన్నం సరిగ్గా తినేవారు కాదట. పోతూ పోతూ దాదీ గఫార్ చెవిలో వేసిన మాట ఇది.

బక్రీదు ఇక దగ్గరికొచ్చేసింది. ఆవేళ పొద్దున సన్నగా జల్లు పడుతోంది. రహంతుల్లా తొట్టి ముందు కూర్చుని ఉన్నారు. టీ చల్లారిపోతోందని తండ్రిని పిలవటానికి హలీమా, ఆమె వెనక దాదీ వచ్చారు.

పసుపుపచ్చ చేప మూలకి జరిగింది. నోరు తెరిచింది. లోపల్నుంచి ఏదో నలుసు బయటికొచ్చి ఈదింది. ఇంకోటి. మరోటి. బియ్యపుగింజంత పిల్లలు! ఒక్కోదానికీ వెన్నుమీద తల్లికున్న చారలే.

"సుభానల్లా!" అన్నారు రహంతుల్లా, కుర్రాడిలా లేచి నిలబడి.

ఆ అలికిడికో ఏమో, గుహలోంచి నల్లది దూసుకొచ్చింది. తల్లి వెంటనే నోరు చాపింది. పిల్లలన్నీ బిలబిలా ఆ నోట్లోకి దూరిపోయాయి. నోరు మూసుకుంది.

"అయ్యో! తినేస్తోంది! కన్న పిల్లల్నే తినేస్తోంది!"

అరిచింది గఫార్ కాదు. రహంతుల్లా! చొక్కా చెయ్యి కూడా మడవకుండా మోచేతి దాకా తొట్టిలో ముంచేశారు. నీళ్ళు చిమ్మి నేలంతా తడిసింది. గఫార్ ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగండి మావయ్యా!"

"వదులు! పిల్లలు చచ్చిపోతాయిరా!"

"చావవు. దాని గొంతు చూడండి, మింగటం లేదు. ఒక్క క్షణం ఆగుదాం."

నలుగురూ ఊపిరి బిగబట్టారు. నల్లది అటూ ఇటూ తిరిగి విసుగెత్తి గుహలోకి పోయింది. తల్లి నెమ్మదిగా పైకి వచ్చి, మళ్ళీ నోరు తెరిచింది. ఒక్కొక్కటే అన్నీ బయటికొచ్చాయి. ఒక్కటీ తగ్గలేదు.

"దాచుకుందిరా నా తల్లి" అంది దాదీ కళ్ళు తుడుచుకుంటూ. "ఇన్నాళ్ళూ కడుపు మాడ్చుకుని నోట్లో దాచుకుంది."

రహంతుల్లా చెయ్యి బయటికి తీశారు. చొక్కా అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. కూతురి వంక చూడలేక తొట్టి వంకే చూస్తూ అన్నారు:

"నువ్వు ఆపకపోతే ఎన్నిటిని నలిపేసేవాణ్ణో."

"ప్రేమ కొద్దీ కంగారుపడ్డారు. ఎవరైనా పడతారండీ" అన్నాడు గఫార్. నిజంగానే అన్నాడు. ఆ మాటలో దెప్పటం వెతికారు రహంతుల్లా. దొరకలేదు.

"ఇంతకీ నన్నేమని పిలిచావు?"

"చాచా అనబోయి..."

"సర్లే, అన్నమాట అలాగే ఉండనీ. గుడివాడ వాళ్ళకి నేను కబురు చేస్తాను." అప్పుడు కూతురి వైపు తిరిగారు. "ఏమ్మా?"

తండ్రి తడిచెయ్యి తన చెంగుతో తుడుస్తూ హలీమా తలొంచుకుంది. నవ్వు దాగలేదు.

"ఏమయ్యా, మీ అమ్మని ఒకసారి మా ఇంటికి రమ్మను."

ఇంకే రోజైనా ఆ మాటకి గఫార్ ఎగిరి గంతేసేవాడే. కాని ఇన్నాళ్ళూ కూడబెట్టుకున్న నిదానం ఈ కాస్తలో పోగొట్టుకుంటానేమోనని భయపడ్డాడు. చేతులు కట్టుకుని అడిగాడు:

"అలాగేనండీ. పండగ వెళ్ళాక తీరిగ్గా రమ్మనమంటారా?"

"పండగ వెళ్ళాకా?" రహంతుల్లా కళ్ళెర్రజేశారు. "ఇప్పుడే రమ్మనవయ్యా! దీనికి కూడా ఆగుతారా ఎవరైనా?"

ఆయన మాట పూర్తయ్యేసరికి గఫార్ వంటింటి గుమ్మం దాటేశాడు.

"అమ్మీ! చెప్పులేసుకో!"