సెల్లార్‌లో కూనిరాగం

సెల్లార్ మెట్ల మీదే నోరా ఆగిపోయింది. కింద మసక చీకట్లో, చుట్టూ గోడలు లేకుండా నట్టనడుమ బిగించిన కమోడ్ మీద ఎవరో కదలకుండా కూర్చుని ఉన్నారు. ఒళ్లోని చిన్న తెర నుంచి మొహం మీద నీలం వెలుగు పడుతోంది.

"ఎవరు నువ్వు?" అంది గొడుగు బిగించి పట్టుకుని.

"నా పేరు ఈలై అండీ, మురుగు పైపులో కెమెరా వేసి చూసేవాణ్ణి. మీరే కదా రమ్మన్నారు. సందువైపు తలుపు తీసే ఉంది, వచ్చేశా. మూత మీదే కూర్చున్నా, కంగారు పడకండి."

"కూర్చోడానికి ఇంకేం దొరకలేదా?"

"పిట్స్‌బర్గ్ సెల్లార్లలో ఇంతకన్నా మంచి కుర్చీ ఎక్కడుందో చెప్పండి."

నవ్వొచ్చినా నోరా బయటపడలేదు. చిన్నప్పట్నుంచీ అద్దె కొంపల మధ్య సామాన్లు మోసి విసిగిన పిల్ల. యజమాని ముసలి ఆండీ పోయాక ఖాళీగా ఉన్న ఈ ఎర్ర ఇటుకల ఇంటి మీద మనసు పారేసుకుంది. రేపే కొనుగోలు సంతకాలు. మురుగు గొట్టం బాగుందని ఇతను ఒక్క మాటంటే చాలు, ఆమెకంటూ ఒక గడప ఉంటుంది.

అప్పుడు వినిపించింది. నేలలోంచి సన్నగా ఎవరో కూనిరాగం తీస్తున్నారు.

"గాలండీ," అన్నాడు ఈలై.

"గాలికి రాగాలు కూడా వచ్చా?"

అతను నేలలోని మూత తీసి కెమెరా తీగ లోపలికి తోశాడు. తెర చూడబోయి నోరా వంగితే భుజాలు తగిలాయి, ఇద్దరూ చెరోవైపు జరిగారు. తెర మీద పాత మట్టిగొట్టం, దాని అతుకుల్లోంచి విరబోసుకున్న జుట్టులా చెట్టు వేళ్లు. ఇంకాస్త ముందుకెళ్తే పక్కనుంచి మరో గొట్టం వచ్చి కలిసింది.

రాగం ఆగింది.

"ఆండీ, వచ్చావా?" గొట్టంలోంచి ఆడగొంతు.

నోరా అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. అతను అప్పటికే ఆమె వెనక్కి జరిగిపోయాడు.

"మీకు భయం లేదనుకున్నా," అంది గుసగుసగా.

"నేనూ అలాగే అనుకున్నా."

ఆ గొట్టం ఎటునుంచి వచ్చిందో చూసుకుని, వానలోనే పక్కింటికి పరుగెత్తారు. తలుపు తీసింది ఇలోనా అనే ముసలావిడ. ఆవిడ వెంట సెల్లార్లోకి దిగితే, అక్కడ కుర్చీ సరిగ్గా డ్రైనేజీ మూత పక్కనే ఉంది.

"రెండిళ్లకీ ఒకటే గొట్టమమ్మా. మాదో చర్చి, వాళ్లదో చర్చి. నేనూ ఆండీ పెళ్లి మాటెత్తితే కాళ్లు విరగ్గొడతామన్నారు పెద్దాళ్లు. దీన్ని మూయాలని మాత్రం వాళ్లకి తట్టలేదు. వాళ్లంతా పోయేసరికి మాకు ఇదే అలవాటైపోయింది. ఎదురుపడితే సిగ్గు, ఇక్కడైతే బోలెడు కబుర్లు."

"మీ పాట విన్నాం బామ్మగారూ," అంది నోరా.

"నాకు పాటెక్కడొచ్చే? నేను పిలుస్తానంతే. రాగం తీసేది వాడు. పోయినా మానలేదు."

నోరా మూత దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వేసింది.

వాకిట్లోకొచ్చాక ఈలై తల దించుకున్నాడు. "చెప్పక తప్పదండీ. ఉమ్మడి గొట్టమైతే బ్యాంకు ఇంటికి అప్పివ్వదు. ఎవరిది వాళ్లకి వేయించి, పాతది సిమెంటుతో పూడ్చాలి."

"పూడిస్తే ఆవిడ ఎవర్ని పిలుస్తుంది?"

"మరి ఇల్లు?"

నోరా ఆ ఎర్ర ఇటుకల వంక చాలాసేపు చూసింది. "అలాగైతే నాకొద్దు," అంది.

అతను ఆమెనే చూస్తూ వానలో తడుస్తూ నిలబడ్డాడు. "సంతకాలు కొన్నాళ్లు ఆపండి," అన్నాడు చివరికి. "కొత్త గొట్టాలు వేద్దాం. పాతదాన్ని వీధి దగ్గర కోసేసి, రెండిళ్ల మధ్య ముక్క వదిలేద్దాం. నీళ్లు రావు, కంపు రాదు. మాటలొస్తాయి."

ఆకులు రాలే రోజులకి నోరా ఆ ఇంట్లో చేరింది. మొదటి సాయంత్రం ఆమె సెల్లార్లో పెట్టెలు సర్దుతుంటే నేలలోంచి పిలుపొచ్చింది.

"నోరా, వినిపిస్తోందా? నేను, ఈలైని. బామ్మగారింట్లో ఉన్నా. నువ్వంటే నాకు ప్రాణం."

నోరా మూత పక్కన చతికిలబడింది. "ఎదురుగా వచ్చి చెప్పొచ్చుగా."

"ఎదురుగా అయితే నోరు పెగలడం లేదు."

"నువ్వూ ఆండీలాగే ముసలాడివైపోతావా? వచ్చి చెప్పు. నాక్కూడా ఇష్టమే."

గొట్టంలోంచి మెత్తగా కూనిరాగం మొదలైంది.

"పాటలు తర్వాత, ముందు రా," అంది నోరా నవ్వుతూ.

"వచ్చేశా. పాటేంటి?" అన్నాడు ఈలై, ఆమె వెనక, మెట్ల మీదనుంచి.

ఇద్దరూ మూత వంక చూశారు. రాగం ఇంకా వస్తూనే ఉంది. దాని వెంబడే ఇలోనా గొంతు, తీరిగ్గా వచ్చింది.

"మీ జంటకి ఒప్పుకున్నాడర్రా ఆండీ. చల్లగా ఉండండి."