సుగుణ పేరు మీద సీటు

బాన్సువాడలో ఇల్లు వెతకడం మొదలుపెట్టినప్పుడు నా చెప్పులు కొత్తవి. మూడో ఇల్లు చూసేసరికి మడమలకు నేల తగులుతోంది. 1979, జూన్ నెల. వాన ఇవాళ, రేపు అంటూ ఊరించే రోజులు.

నేను నిజాంసాగర్ కాలువ మీద తూములు తిప్పే లస్కర్ని. మా తండా పెద్ద కొడప్‌గల్ పక్కన. మా లాలికి ఏడేళ్లు. మేకలు ఎన్ని ఉన్నాయో, ఏది తప్పిపోయిందో చూడకుండా చెబుతుంది గానీ అక్షరం ముక్క రాదు. దాన్ని బాన్సువాడలో మంచి బడిలో వేయాలి, ఆ బడికి దగ్గర్లోనే సొంత ఇల్లు కొనాలి. ఇదే నా పిచ్చి. అందుకోసం ఎడ్లను, ఎకరం చెలకను అమ్మేశాను. ఎడ్లు పోయిన రోజు నా భార్య హీరాబాయి అన్నం తినలేదు.

బస్టాండు వెనక చూసిన ఇల్లు బాగానే ఉంది. కానీ గోడలకు కూడా కండక్టర్ల కేకలు పట్టినట్టుండేది. కాలువ పక్కన ఇంకో ఇల్లు చూశాం. "పగలంత కాలువతోనే ఉంటవ్, రాత్రి గూడ దాని పక్కకేనా?" అంది హీరాబాయి. నాకు కోపం వచ్చింది. పుట్టుకతోనే నాకు నిలకడ తక్కువ. మా తాతలు ఎడ్ల మీద ఉప్పు వేసుకుని ఊళ్లు తిరిగినవాళ్లు. ఆ తిరుగుడంతా నాకే వచ్చిందని తండాలో వెక్కిరిస్తారు.

మూడో ఇల్లు బడి గోడను ఆనుకుని ఉంది. ఇంగ్లీషు కూడా చెప్పే ప్రైవేటు బడి అది. గంట కొడితే ఇంట్లో గిన్నెలు కదిలేంత దగ్గర. ఇంటామె నాగేంద్రమ్మకు నలభై దాటి ఉంటాయి. భర్త పోయి చాలా ఏళ్లయిందట. ఒక్కతే ఉంటోంది. ఇల్లు అమ్మి బోధన్‌లో తమ్ముడి దగ్గరకు వెళ్తానంది. బేరం కూడా గట్టిగా చేయలేదు. అంతసేపూ లాలి తలనే చూస్తూ ఉంది.

అయితే సీటు దొరకలేదు. హెడ్‌మాస్టరు హరనాథబాబు కళ్లజోడు పైకి తోసుకుని అడిగాడు.

"పిల్ల ఎప్పుడు పుట్టింది?"

"కాలువ తెగిన ఏడాది సార్. జొన్న కోతలప్పుడు," అంది హీరాబాయి.

"జొన్న కోతలని రిజిస్టర్ల రాయాల్నామ్మా? పుట్టిన చిట్టీ తేండ్రి. ఉన్నది ఒక్కటే సీటు. రేపటి దాంక ఆపుత."

తండా పిల్లలకు చిట్టీలు ఎక్కడివి? మేం నోళ్లు తెరుచుకుని నాగేంద్రమ్మ అరుగు మీద కూలబడ్డాం. సంగతి విని ఆమె లోపలికి వెళ్లింది. ఇనుప సందూకు తెరిచిన చప్పుడు అయింది. మడత పెట్టిన కాగితం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఏం ఫికర్ జెయ్యకు తమ్మీ. మా సుగుణది. నీ బిడ్డ ఈడుదే. గిదే పేరు, గిదే తారీఖు రాయించు. బడిల సుగుణ, ఇంట్ల లాలి. ఏమైతది?"

నిజమే, ఏమవుతుంది? తండా పిల్లలకు బడిలో పేరు మారడం కొత్తేం కాదు. మాస్టరుకు ఏది నోరు తిరిగితే అది రాస్తాడు. మర్నాడు పొద్దున్నే పేరు రాయించాను. తండ్రి పేరు దగ్గర నా పేరు రాసి, కింద వంకరటింకరగా సంతకం పెట్టాను. నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను. నాకు ఒక తారీఖు కావాలి, దొరికింది. ఆ తారీఖున పుట్టిన పిల్ల ఏదని మాత్రం అడగలేదు. ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

ఇక ఇంటికి బయానా డబ్బు ఇవ్వడమే మిగిలింది. అయితే కొత్త చోటు ఖాయం చేసే ముందు అక్కడ పొయ్యి వెలిగించి, తిని, ఒక నిద్ర చేసి చూడటం మా పద్ధతి. పాతకాలంలో ఎడ్లు నెమరు వేసిన చోటే దిగేవారట. ఇప్పుడు ఎడ్లు లేవు కాబట్టి ఆ పని మేమే చేయాలి. ఆ సాయంత్రమే జొన్నపిండి, కందిలి, లాలికి కొన్న కొత్త పలక పట్టుకుని ఆ ఇంటికి వెళ్లాం.

హీరాబాయి వెనక పంచలో పొయ్యి వెలిగించింది. నాగేంద్రమ్మ ముందు గదిలో తన వంట తాను చేసుకుంటోంది. రెంటికీ మధ్య ఒక లోపలి అర్ర ఉంది. దానికి కిటికీ లేదు. లాలి పలక తీసుకుని అందులోకి వెళ్లింది. పొద్దు ఇంకా కుంకలేదు గానీ మబ్బు దట్టంగా కమ్మి, చూస్తుండగానే చీకటి పడింది. నాలుగు చినుకులు పడ్డాయో లేదో కరెంటు పోయింది. బడి ఖాళీ అయింది. గోడ అవతల ఎక్కడో తలుపు ఒకటి కొట్టుకుంటోంది. తడి మట్టి వాసనలో సుద్దముక్క వాసన, తలకు రాసిన కొబ్బరి నూనె వాసన కలిసి వస్తున్నాయి. మా ఇంట్లో ఎవరూ కొబ్బరి నూనె రాసుకోరు. నేను కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను.

"లాలి ఏం జేస్తుంది?"

"కొత్త పలక గద, గీకుతుంది. నువ్వు జర ఒక్కతాన కూసో," అంది హీరాబాయి రొట్టె తట్టుతూ.

అర్రలోంచి బలపం చప్పుడు వినిపిస్తోంది. కీచు... కీచు... చిన్నపిల్ల తడుముకుంటూ గీస్తున్న చప్పుడు. అది ఆగింది. వెంటనే ఇంకో చప్పుడు మొదలైంది. ఇది తడబడటం లేదు. గబగబా, ఆగకుండా... రాయడం బాగా వచ్చిన చేతి చప్పుడు. తర్వాత మళ్లీ తడుముకునేది. తర్వాత మళ్లీ గబగబా.

పలక ఒక్కటే. బలపమూ ఒక్కటే.

కందిలి పట్టుకుని లోపలికి వెళ్లాను. లాలి నేల మీద ఒక మూలకు ఒదిగి కూర్చుంది. పక్కన ఎవరికో చోటు వదిలినట్టుంది. పలక మీద పై వరసలో గుండ్రటి అక్షరాలు ఉన్నాయి. కింది వరసలో అవే అక్షరాలు వంకరగా ఉన్నాయి.

"ఎవరు రాసిండ్రే ఇవి?"

"మెల్లగ మాట్లాడు బాపూ..." లాలి గుసగుసలాడింది. "ఆమెకు కోపమొస్తది."

"ఎవలకు?"

"సుగుణకు. సీటు ఒక్కటేనట. ఇద్దరికి పట్టదట... నన్ను జరుగుమంటుంది."

కందిలి కింద పెట్టి పిల్లను ఎత్తి గుండెకు అదుముకున్నాను. ఒళ్లు మంచులా ఉంది. అదే సమయానికి ముందు గదిలోంచి నాగేంద్రమ్మ పిలిచింది. మెల్లగా, అలవాటుగా పిలిచింది.

"సుగుణా... బువ్వకు రా బిడ్డా..."

నా అరచేయి లాలి నోటి మీద ఉంది. పెదవులు కదల్లేదు. నేను ప్రమాణం చేసి చెబుతాను, కదల్లేదు.

"వస్తున్ననమ్మా."

మూలలోంచి. నా మోకాలంత ఎత్తు నుంచి.

వెనక్కి తిరిగాను. గుమ్మంలో నాగేంద్రమ్మ నిలబడి ఉంది. చేతిలో కంచం, కళ్ల నిండా నీళ్లు. ముఖం మాత్రం నవ్వుతోంది.

"ఇన్నవా తమ్మీ? ఇన్నవా? రెండేండ్ల సంది రోజు పిలుస్తున్న. ఒక్కనాడు పలుకలే. పొద్దున నువ్వు బడిల పేరు రాయించినవ్... ఇయ్యాల పలికింది."

"అక్కా, నీ బిడ్డ..."

"ఐదో ఏట జరమొచ్చి పోయింది. మంచంల పండుకొని గంట కొట్టినప్పుడల్ల గోడ దిక్కు జూసేది. ఒక్కనాడన్న బడికి పోతనమ్మా అనేది." ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. "ఇల్లు ఊకెనే రాసిస్త. పైస వద్దు. పేరొక్కటి కొట్టేయించకు తమ్మీ. నీ కాళ్లు మొక్కుత."

నాకు భయం వేసింది. అంతకంటే ఎక్కువ జాలి వేసింది, దాచడం ఎందుకు. ఒక్క క్షణం కాళ్లు కదల్లేదు. ఆ క్షణంలోనే ఆమె మళ్లీ పిలిచింది.

"సుగుణా..."

ఈసారి నా అరచేతి కింద పెదవులు కదిలాయి.

"వస్తున్ననమ్మా..."

లాలి తల్లిని యాడీ అంటుంది. మా ఇంటి భాష అది. అమ్మా అని పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ అనలేదు. హీరాబాయి పిండి చేతులతోనే పరుగున వచ్చి పిల్లను నా చేతుల్లోంచి లాక్కుంది. వెనక తలుపు నుంచి వానలోకి దూకాం. పొయ్యి మీద రొట్టె అలాగే మాడుతోంది.

పిట్లం వైపు వెళ్లే యూరియా లారీ ఒకటి మమ్మల్ని ఎక్కించుకుంది. దారి పొడుగునా హీరాబాయి, "లాలీ... లాలీ..." అని పిలుస్తూనే ఉంది. తండా పొలిమేరలో మా కుక్కలు మొరిగాక పిల్ల కళ్లు తెరిచింది. "ఏంది యాడీ?" అంది. హీరాబాయి బావురుమంది. నేనూ ఏడ్చాను.

నాలుగో రోజు పేరు కొట్టేయించడానికి బడికి వెళ్లాను. లాలి ఇంట్లో తల్లి ఒడిలో ఉంది. హరనాథబాబు హాజరు పట్టీ తెరిచి నవ్వాడు.

"కొట్టేయాల్నా? ఎందుకయ్యా? మొదటి రోజు సంది ఒక్కనాడు నాగా లేదు. నీ బిడ్డ అసుంటి పిల్ల మా బడిలనే లేదు. అగో, జూడు."

కిటికీలోంచి చూపించాడు. మూడో బెంచీ చివర ఒక పిల్ల వీపు కనిపించింది. నూనె కారుతున్న జడ ఉంది. మిగతా పిల్లలు దాని పక్కన జానెడు చోటు వదిలి ఇరుక్కుని కూర్చున్నారు. మా మాటలు విన్నట్టుంది, జడ మెల్లగా కదిలింది...

ముఖం ఇటు తిరిగేలోపే నేను గేటు దాటాను.

పేరు కొట్టేయించలేదు. పట్టీలో పేరు సుగుణది. తండ్రిని నేను. సీటు మాత్రం నేను లాలి కోసం అడిగినది. గీత గీస్తే అది ఏ పిల్ల మీద పడుతుందో ఎవరు చెప్పగలరు?

ఇల్లు కొనలేదు. అమ్మిన ఎడ్లు తిరిగి రాలేదు. లాలి ఇప్పుడు పెద్ద కొడప్‌గల్ సర్కారు బడికి నడిచి వెళ్తోంది. అక్కడి మాస్టరు నన్నేమీ అడగకుండా అందరికీ రాసినట్టే పుట్టిన తారీఖు జూలై ఒకటి అని రాసుకున్నాడు. మహానుభావుడు.

బాన్సువాడ బడి నుంచి ఏటా ఎండాకాలంలో నా పేరిట ఒక ప్రోగ్రెస్ కార్డు వస్తుంది. తండ్రి సంతకం చేసి తిప్పి పంపాలి. మొదటి ఏడాది దాన్ని చూరులో దోపి ఊరుకున్నాను. ఆ వారమంతా లాలి ఎంత పిలిచినా పలకలేదు. సంతకం పెట్టి పోస్టు డబ్బాలో వేసి వచ్చిన సాయంత్రం పలికింది. అప్పటినుంచి ఆలస్యం చేయను.

ఈ ఏటి కార్డు పొద్దున వచ్చింది. అన్నింట్లో ఫస్టు, నాగాలు సున్నా. అడుగున క్లాసు టీచరు ముచ్చటపడి రెండు ముక్కలు రాసింది. 'సుగుణ చాలా బుద్ధిమంతురాలు. పుట్టబోయే చెల్లెలికి ఇప్పటినుంచే తన పక్కన సీటు ఉంచమని రోజూ అడుగుతోంది.'

నెల తప్పిందని హీరాబాయి నాకు చెప్పింది నిన్న సాయంత్రం. కార్డు మీద పోస్టు ముద్ర పన్నెండు రోజుల కిందటిది.