అర్థమైన తర్వాత

అంగారకుడి మీద కెంపుగడ్డ స్థావరంలో పౌరసత్వం కావాలంటే ముందు చట్టంలోని ముప్పైరెండు మాటలు అర్థం కావాలి. బట్టీపట్టి అప్పజెప్తే కుదరదు. మణికట్టుకు తొడిగే 'అర్థదీపం' అనే పట్టీ నాడీతరంగాలను చదువుతూ, ఒక్కో మాటనూ ఎవరి యాసలో వారికి విడమరిచి చెబుతుంది. నిజంగా బుర్రకెక్కితేనే పచ్చగా వెలుగుతుంది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ భార్గవికి ఒకటే నమ్మకం: జనం చట్టం తప్పేది అది అర్థంకాకనే. పాపం, ఆవిడ మనుషులకంటే యంత్రాలతోనే ఎక్కువ మెలిగింది.

ఆ రోజు పరీక్షకు పైడితల్లి వచ్చింది. శ్రీకాకుళం మనిషి. ఎనిమిదేళ్లుగా ఇక్కడి నీటి గొట్టాలకు వెల్డింగ్ చేస్తోంది. మర్నాడే పౌరసత్వ ప్రమాణం. అది తప్పిపోతే నెలాఖరుకు పర్మిట్ అయిపోతుంది, భూమికి తిరుగు ఓడ ఎక్కాలి.

ముప్పై మాటలు చకచకా దాటేసింది. తర్వాతిది 'బహిష్కరణ'. దరఖాస్తులో దాని ఎదురుగా ఆమె 'లేదు' అని రాసింది. చంద్రుడి మీది స్థావరం ఒకప్పుడు ఆమెను పొమ్మన్నది నిజమే. కానీ ఎవరూ మెడపట్టి గెంటలేదు, సంచి సర్దుకుని తనే వచ్చేసింది కాబట్టి అది బహిష్కరణ కాదనుకుంది. పొమ్మని ఉత్తర్వు ఇచ్చాక సొంత కాళ్లతో నడిచి వచ్చినా బహిష్కరణేనని పట్టీ ఓపిగ్గా చెప్పింది. పచ్చదీపం వెలిగింది.

చివరి మాట 'వాస్తవాన్ని దాచడం'.

"తెలీక రాస్తే పొరపాటు," అంది పట్టీ. "తెలిసినాక కూడా అలాగే ఉంచీసి పెమాణం సేస్తే, దాసినట్టే."

మళ్లీ పచ్చ. పరీక్ష పాసైనట్టే. భార్గవి అభినందించబోయింది గానీ పైడితల్లి కుర్చీలోంచి లేవలేదు.

"నా కాయితం ఇలాగివ్వండమ్మా. దిద్దాల."

దిద్దితే రేపటి ప్రమాణం ఆగిపోతుందనీ, విచారణ పెడతారనీ, తిప్పి పంపేసినా పంపేస్తారనీ భార్గవి నచ్చజెప్పింది.

"పంపితే పంపనీండి. మల్లీ అర్జీ ఎట్టుకుని వొస్తాను. అబద్దం మీద నిలబడి పెమాణం సెయ్యలేను."

సవరణ పత్రం ఎక్కడుందో పరీక్షగదిలోని యంత్రం చాలాసేపు వెతికింది. ఇప్పటికి నలభైవేలమందికి ఈ మాట అర్థమైందనీ, సవరణ అడిగిన మనిషి మాత్రం ఈవిడొక్కతేననీ తెలిపింది.

ఆ నలభైవేలలో మొదటి పేరు భార్గవిదే. తొమ్మిదేళ్ల కిందట పట్టీని తన మీదే పరీక్షించుకుని, ఆ వారమే తనూ ప్రమాణం చేసింది. భూమి మీద విడాకులివ్వకుండా వదిలొచ్చిన భర్త ఉండగా దరఖాస్తులో 'అవివాహిత' అని రాసుకుంది. ఆ రోజూ దీపం పచ్చగానే వెలిగింది.

పైడితల్లి పత్రం అందుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నింపసాగింది.

"ఇంకో ప్రతి తియ్యమంటారా డాక్టర్?" అని యంత్రం మామూలుగానే అడిగింది.

భార్గవికి సిగ్గుతో ముఖం ఎత్తబుద్ధి కాలేదు.

"అక్కర్లేదు," అంది.