సీసా మూతకు అంటిన సముద్రం

1986లో బొంబాయి నుంచి సిరొంచకు నేను మోసుకొచ్చిన ఘనకార్యం ఒక గాజు సీసా.

"సముద్రం ఎట్లుంటదో నేను చూడలే. జర సీసాల పట్టుకరా బావా, మా బడి మైక్రోస్కోపుల చూస్త" అని ముత్తక్క ఉత్తరం రాసింది. ఆమె మా అమ్మ తమ్ముడు శంకరన్న మామ కూతురు, బడిలో ల్యాబ్ అసిస్టెంటు. ఆదివారం ఆమె పెళ్లిచూపులకు గడ్చిరోలి క్లర్కు వస్తున్నాడు. నాకు మిగిలింది శనివారం ఒక్కటే.

నేనేమో ఓడలో ఆఫీసరునని ఆమెకు ఉత్తరాల్లో రాసుకున్నాను.

బస్సు దిగేసరికి సీసా లోపల జిగట పట్టి ఉంది. ఆఫీసరు తెచ్చిన సముద్రం ఇంత పాచిగా ఉంటే పరువేం కావాలి? ఆ నీళ్లు పారబోసి, ప్రాణహిత రేవులో ఇసుక వేసి తోమేశాను. నది నీళ్లే పట్టి, పిడికెడు ఉప్పు కలిపాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

బడి ల్యాబులో ముత్తక్క మైక్రోస్కోపులో కన్ను పెట్టి చాలాసేపు చూసింది.

"బావా, సముద్రంల వరి పండిస్తరా?"

"ఏంది?"

"వడ్లపొట్టు కనవడ్తుంది."

ఇక దాచి లాభం లేదని స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఆఫీసర్ను కాదు ముత్తా. సరుకు లేని ఓడ ఒరగకుండ దాని కడుపుల ట్యాంకులుంటయి, సముద్రం నీళ్లు నింపుతరు. నీళ్లు తీసినంక గోడల జిగట నేను గీకుత. నీకు తెచ్చింది ఆ నీళ్లే. జిగట వట్టిందని పారబోసి సీసా కడిగేసిన. ఇవి ప్రాణహిత నీళ్లు."

"కడిగినవా! జిగటల్నే ఉంటయి బావా, సూక్ష్మజీవులు. అదే వాటి ఇల్లు. నీళ్లు పారబోసినా గోడను ఇడువయి."

"నాకు చెప్తున్నవా? ఈసారి గీకితే మల్లసారికి హాజరు. నాలుగేండ్ల సంది వాటి చేతుల ఓడిపోతున్న."

ఆమె నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసింది. "మరి అబద్ధం ఎందుకు రాసినవ్?"

"నువ్వంటే ఇష్టం. ట్యాంకులు గీకెటోడంటే కాదంటవని భయమైంది."

ముత్తక్క సీసా మూత తిప్పి చూసింది. నా వేలికి అందని అంచున కాస్త జిగట మిగిలి ఉంది. దాన్ని సూదితో తీసి, గాజుపలక మీద పెట్టి చూసింది.

"ఉన్నయి" అంది మెల్లగా. నన్నూ చూడమంది. చుక్కలు చుక్కలుగా నా పాత శత్రువులు.

అప్పుడే కూతుర్ని ఇంటికి తీసుకెళ్లడానికి శంకరన్న మామ వచ్చాడు. "ఏంది సంగతి, ఆఫీసర్ సాబ్?"

"ఆఫీసర్ కాదు నాయినా, ట్యాంకులు గీకుతడు. రేపు గడ్చిరోలి వాళ్లను రావద్దను."

"గిన్ని రోజులు అబద్ధమాడిండా?"

"ఆడిండు. ఇగ ఆడడు."

మామ నన్ను ఎగాదిగా చూశాడు. "సోమవారం మా అక్కను తోలుకరా" అన్నాడు.

నా నాలుగేళ్ల సర్వీసులో, తోమినా పోని జిగటను చూసి సంతోషించడం అదే మొదటిసారి.