అమ్ముడుపోని కర్రల కేసు

మెట్లెక్కి వచ్చిన ఆవిడ కుర్చీ చూపించినా కూర్చోలేదు. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ నలగని నీలం యూనిఫాం, కుడిచేతి గుప్పిట్లో ఒక తాళంచెవి. "నేను దొంగని కాదమ్మా," అంది మొట్టమొదట. ఆ తర్వాతే తానెవరో చెప్పింది.

ఆవిడ గోల్ఫ్ క్లబ్బులో బ్యాగుల గది చూసుకుంటుంది. అక్కడ ఆడేవాళ్ళు తమ కర్రల బ్యాగుల్ని ఇళ్ళకు మోసుకుపోరు. ఏదైనా మోయడం అన్నది వేరేవాళ్ళ పని అని వాళ్ళకు చిన్నప్పట్నుంచీ తెలుసు. రెండొందల బ్యాగుల్ని తుడిచి, సర్ది, అడిగినప్పుడు కౌంటరు మీదుగా అందించడం ఆవిడ ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళలో ఒక్క బంతి కూడా పోలేదు. నిన్న, సోమవారం ఉదయం, టైల్స్ వ్యాపారి ఒకాయన తన బ్యాగు మూత తీస్తే లోపల ఖాళీగా ఉంది. పదమూడు కర్రలు మాయం. క్లబ్బు వరండాలో అందరి ముందూ ఆయన ఆవిణ్ణి దొంగ అన్నాడు. క్లబ్బు సెక్రటరీ రేపు సాయంత్రం ఐదింటి దాకా గడువిచ్చాడు. ఈలోగా కర్రలు దొరక్కపోతే ఉద్యోగం పోతుంది, పోలీసులు వస్తారు.

ఆవిడ మాటల్ని అసిస్టెంటు పొల్లుపోకుండా రాసుకున్నాడు. అతను ఒకప్పుడు కోర్టులో టైపిస్టు. నాలుగేళ్ళ క్రితం ఆ ఉద్యోగం వదిలేసి ఈ రెండు గదుల డిటెక్టివ్ ఆఫీసులో చేరాడు. కారణం ఒక్కటే, సూది మేడమ్. ఆమె ఇన్సూరెన్సు కంపెనీలో ముప్పై ఏళ్ళు సర్వేయరుగా పనిచేసి, కాలిన గోడౌన్లలో కాలని అబద్ధాలు వెతికిన మనిషి. ఆ పేరు అక్కడ పెట్టారు, ఆమె నోటికి భయపడి. వెనకాల పెట్టిన పేరు ముందుకొచ్చినా ఆమె పట్టించుకోలేదు. ఆమె చేసే ప్రతి పనిలో ఏదో అర్థం ఉంటుందని అసిస్టెంటు నమ్మకం. ఆమె తుమ్మినా నోట్ బుక్ తీసేవాడు.

బంతిని కర్రతో కొట్టి, దాని వెనకాలే నడుచుకుంటూ పోయే పెద్దమనుషుల గొడవ తనకెందుకన్నట్టు ఆమె అప్పటిదాకా కిటికీలోంచి చూస్తోంది. ఉన్నట్టుండి ఇటు తిరిగింది.

"ఆయన బ్యాగు పక్కన ఎవరిది ఉంటుందమ్మా?"

"వాళ్ళ బావమరిది గారిదమ్మా. పేరున్న కంపెనీ సెట్టు. కొని రెండు నెలలే అయింది."

"అది పోలేదా?"

"ఎవరూ ముట్టుకోలేదు. పోయినవేమో ఆయన ఒంటి కొలతలు తీసుకుని ఆయన కోసమే చేసినవి."

"మరి ఆయన ఖాళీ బ్యాగు?"

"అక్కడే ఉందమ్మా. అసలు తోలు. దానికే ఎక్కువ పలుకుతుందంటారు."

సూది మేడమ్ చెప్పులు వేసుకుంది. ఫీజు సంగతి బ్యాగుల గది ఆవిడ ఎత్తబోతే, అది దోషి దగ్గర వసూలు చేస్తానని ఆ మాట అక్కడే తుంచేసింది.

దారిలో అసిస్టెంటుకు చెప్పింది. ఆమె నాన్న దర్జీ. కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కాని మనిషి వచ్చి తీసుకెళ్ళకపోతే అది కొట్లో కొక్కేనికి ఏళ్ళ తరబడి వేలాడేది, సగం ధరకిస్తానన్నా ఎవరూ కొనేవారు కాదు. రెడీమేడ్ చొక్కా అయితే ఎవడో ఒకడు తొడుక్కుంటాడు. "ఈ దొంగ రెడీమేడ్ వదిలేసి, కుట్టించింది పట్టుకుపోయాడు తమ్ముడూ. డబ్బు కోసం వచ్చినవాడు కాదు," అంది.

బ్యాగుల గదికి ఒకే తలుపు. తాళం చెక్కుచెదరలేదు. రెండో తాళంచెవి సెక్రటరీ బీరువాలో, సీలు వేసిన కవర్లో ఉంది. ఆ సీలు చూపిస్తున్నంతసేపూ సెక్రటరీ గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. ఈ వ్యవహారం ఇంత పొడిగించడం అనవసరమని ఆయన అభిప్రాయం, దొంగ దొరికేసిందిగా. గదికి ఎదురుగా పెద్ద వరండా, అక్కడ పగలంతా సభ్యులు కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. వాళ్ళ కళ్ళ ముందు నుంచి తప్ప బయటికి దారి లేదు.

ఆదివారం ఉదయం ఆ పదమూడు కర్రల్నీ తుడిచి పెట్టింది బ్యాగుల గది ఆవిడే. ఆ తర్వాత లోపలికి వచ్చినవాళ్ళు ఇద్దరు. ఆవిడ భోజనానికి కూర్చున్నప్పుడు బావమరిది తన బ్యాగు తానే లోపల పెట్టి, చేతులూపుకుంటూ వెళ్ళాడు. రెండోవాడు ఫిట్టరు. కొలతలు తీసి కర్రలు చేసి ఇచ్చేది ఆయనే. ప్రతి ఆదివారం వచ్చి, పిడి తొడుగులు అరిగిపోయిన కర్రల్ని పొడుగాటి చెక్కపెట్టెలో పెట్టుకుని తన వ్యాను దగ్గరికి తీసుకెళ్ళి, కొత్త తొడుగులు వేసి తెచ్చిస్తాడు.

"ఆ పెట్టెలో ఏముందో మీరు చూస్తారా?" అని అడిగింది సూది మేడమ్.

"పదేళ్ళుగా వస్తున్న మనిషమ్మా. ఎవరు చూస్తారు?"

టైల్స్ వ్యాపారి ఆఫీసుకు వెళ్ళేసరికి ఆయన ఫోన్లో ఎవరికో ఇదే కథ చెప్తున్నాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. అంత ఎత్తున ఉన్నందుకో ఏమో, ఎదుటివాళ్ళ నెత్తి మీద నుంచి మాట్లాడటం అలవాటైపోయింది. గోడ మీద ఒక బంగారు రంగు ఫ్రేము. అందులో దేవుడి పటం ఉంటుందనుకున్నాడు అసిస్టెంటు. చూస్తే ఆయన కర్రల కొలతల పత్రం: పిడి మందం, వంపు, ఏడో నంబరు ఇనుప కర్ర పొడవు ముప్పై ఎనిమిదిన్నర అంగుళాలు, కింద ఫిట్టరు సంతకం.

గొడవకు మూలం బావమరిది అని ఆయన చెప్పాడు. కిందటి వారం క్లబ్బు వరండాలో, ఫిట్టరుతో సహా అందరూ ఉండగా, బావ సెట్టుకి అమ్మకం విలువ సున్నా అని ఎగతాళి చేశాడట. ఆయనకు ఒళ్ళు మండి, సెకండ్ హ్యాండ్ సామాను కొనేవాణ్ణి సోమవారం రమ్మన్నాడు, రెండు సెట్లకూ ధర కట్టమని. ఆ రోజే చూస్తే సెట్టు లేదు.

"ఆ గదిలో ఆవిడకేం తెలుసు వాటి విలువ? మొదటి రోజు పట్టుకోగానే నాకు తెలిసిపోయింది. నా చెయ్యే పొడుగు పెరిగినట్టు అనిపించింది," అన్నాడు.

సెట్టుకి మొత్తం పద్నాలుగు కర్రలు. ఆ పద్నాలుగోది ఆఫీసులోనే ఉంది. వచ్చినవాళ్ళ ముందు ఊపి చూపించడానికి ఆయన ఆ ఏడో నంబరుని, ఆటకు వెళ్ళేటప్పుడు తప్ప, దగ్గరే ఉంచుకుంటాడట. అడక్కుండానే లేచి చూపించాడు కూడా. కర్ర నేలకు ఆనాలంటే ఆయన నడుం బాగా వంచాల్సొచ్చింది. సూది మేడమ్ దాన్ని అందుకుని, కర్ర తల అడుగుభాగాన్ని వెలుగులోకి తిప్పి చూసింది. అరుగుదల మధ్యలో లేదు, ముందుకొస వైపే మెరుస్తోంది. హ్యాండుబ్యాగులోంచి వాళ్ళ నాన్న టేపు తీసి కొలిచింది. "ముప్పై ఏడు అని రాసుకో తమ్ముడూ," అని నెమ్మదిగా చెప్పింది. వ్యాపారి అప్పటికి మళ్ళీ ఫోనెత్తాడు.

బావమరిది నవ్వు ఆపుకోకుండానే జవాబులిచ్చాడు. బావకు సరిపోయే సెట్టు కొనాలంటే బావంత పొడుగువాడు ఇంకొకడు పుట్టాలనీ, తన సెట్టు రేపు అమ్మినా సగం ధర వస్తుందనీ, ఆడటం ఇద్దరికీ రాదు కాబట్టి తానే తెలివైనవాణ్ణనీ తేల్చాడు. బావకి ఆ ధర వినిపించే రోజు కోసం వారమంతా ఎదురుచూశాడట.

ఫిట్టరు షాపులో అద్దాలు, కెమెరాలు, తెల్లకోటు. డాక్టరు దగ్గరికి వచ్చినట్టుంది. అసిస్టెంటు ఏమీ అడక్కుండానే ఫిట్టరు అతని మణికట్టు నుంచి నేలదాకా కొలిచి, ఇన్నాళ్ళూ ఈ శరీరంతో ఎలా నెట్టుకొచ్చారని జాలిపడ్డాడు. దొంగతనం మాటెత్తగానే చాలా బాధపడ్డాడు. వెనకగదిలో కర్ర తల వంపు మార్చే ఇనుప యంత్రం ఉంది. సూది మేడమ్ దాని పిడి మీద వేలితో గీస్తే దుమ్ములో చార పడింది, మూలన సాలెగూడు ఊగింది. సానరాయి మాత్రం తళతళలాడుతోంది. టైల్స్ వ్యాపారి కొలతలు భద్రంగా ఉన్నాయా అని ఆమె అడిగితే, అలాంటి సెట్టు మళ్ళీ చేసివ్వగలనని ఫిట్టరు మాటిచ్చాడు.

సెకండ్ హ్యాండ్ సామాను కొనేవాడికి ఆమె ఫోన్లో ఒకే ప్రశ్న వేసింది. ధర కట్టే ముందు ప్రతి కర్రనీ కొలిచి, ఆ కొలతలు రాసిస్తాననీ, ఇది ఆటగాళ్ళందరికీ తెలిసిన సంగతేననీ అతను చెప్పాడు.

బుధవారం నాలుగు గంటలకు అందరూ బ్యాగుల గదిలో చేరారు. వ్యాపారి, బావమరిది, ఫిట్టరు, సెక్రటరీ, సెకండ్ హ్యాండ్ మనిషి. కౌంటరు వెనక ఆవిడ నిలబడే ఉంది.

సూది మేడమ్ ఏడో నంబరు కర్రని సెకండ్ హ్యాండ్ మనిషి చేతికిచ్చి కొలవమంది. అతను టేపు సాచాడు, కోణం చూసే పరికరం పెట్టాడు, తల వెనక భాగాన్ని బొటనవేలితో తడిమాడు.

"ముప్పై ఏడు అంగుళాలు. వంపు కూడా మామూలే. షాపుల్లో దొరికే చవక రకం ఇది. కంపెనీ ముద్ర సానబట్టి చెరిపేసి, సారు పేరు చెక్కారు."

"సెట్టంతా ఇలాంటిదే అయితే కొంటారా?"

"నిక్షేపంగా కొంటాను మేడమ్. ఎవరి చేతికైనా సరిపోతుంది."

బావమరిది గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. వ్యాపారి మొహం ఎర్రబడింది.

సూది మేడమ్ నిదానంగా చెప్పుకొచ్చింది. ఈ మనిషి పొడుగుకి కొలిచి చేసిన కర్రయితే అడుగు మధ్యలో అరగాలి. పొట్టి కర్రతో ఇన్నాళ్ళూ కొట్టాడు కాబట్టి ముందుకొస అరిగింది. పత్రంలో రాసింది ముప్పై ఎనిమిదిన్నర, చేతికిచ్చింది ముప్పై ఏడు. వంపు మార్చే యంత్రానికి దుమ్ము పట్టింది, ముద్రలు చెరిపే సానరాయి మాత్రం మెరుస్తోంది. సోమవారం కొలతలు తీస్తారని తెలిసి ఎవరికి చెమటలు పట్టాలి? బావమరిదికి కాదు, ఆయన ఆ ధర వినాలని తహతహలాడాడు, పైగా ఖాళీ చేతులతో వెళ్ళాడు. తాళంచెవి ఉన్నావిడకు ఆ కర్రల కొలత ఏదైతేనేం? డబ్బు కోసమే అయితే పక్కనున్న కొత్త సెట్టూ, తోలు బ్యాగూ వదులుతుందా? ఇంతమంది ముందు నుంచి కర్రలు మోసుకుపోయినా ఎవరూ అడగని వస్తువు ఒక్కటే, ప్రతి ఆదివారం వచ్చిపోయే చెక్కపెట్టె. "పద్నాలుగోది ఆఫీసులో ఉంటుందని ఆ పెట్టె ఆసామికి తెలియదు. తెలిసుంటే అదీ పోయేది," అని ఫిట్టరు వైపు తిరిగింది.

అసిస్టెంటుకు ఒళ్ళు పులకరించింది. ముప్పై ఏడు అని తన చేత్తో రాసుకుని కూడా గోడమీది ఫ్రేముతో పోల్చి చూడలేదని గుర్తొచ్చి, వెంటనే సిగ్గు కూడా వేసింది.

ఫిట్టరు తెల్లకోటు గుండీ ఒకటి విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. "సారు సంతోషంగానే ఉన్నారు కదా మేడమ్," అన్నాడు చివరికి. "మూడేళ్ళుగా ఊళ్ళో అందరికీ చెప్పారు. ఆయన నమ్మిందే నేనిచ్చాను." కర్రలు తన షాపు అటక మీద ఉన్నాయని ఒప్పుకున్నాడు. ఆయన కొలిచిన మిగతా శరీరాల సంగతి తర్వాత తేలుస్తానని సూది మేడమ్ అంది. ఫీజు బిల్లు అప్పుడే ఆయన జేబులో పెట్టింది.

సెక్రటరీ పోలీసుల మాట ఎత్తబోయాడు. వ్యాపారి చెయ్యి అడ్డం పెట్టాడు. ఒకావిడని జైల్లోకి తోయించడానికి మొన్న ఒక్క నిమిషం ఆలోచించని మనిషికి ఇవాళ ఎక్కడలేని దయ పుట్టుకొచ్చింది. పోయిన వస్తువు దొరికింది, పరువుగల చోట రచ్చ వద్దు, కొలతల విషయం ఈ గది దాటకూడదు అన్నాడు. కౌంటరు వైపు చూసి, "నీ మీద మాట వెనక్కి తీసుకున్నానులేమ్మా. పనిలోకి వచ్చెయ్," అన్నాడు, భిక్ష వేసినట్టు.

అసిస్టెంటు ఏదో అనబోయాడు. సూది మేడమ్ మాత్రం బ్యాగుల గది ఆవిడ వైపే చూసింది.

"మీరు ఆ మాట వరండాలో అన్నారు సార్," అంది ఆవిడ. "వెనక్కి కూడా అక్కడే తీసుకోండి."

వరండాలో అప్పుడు నలభై మంది దాకా ఉన్నారు. ఆవిడ తలుపు తెరిచి పట్టుకుంది. వ్యాపారి సెక్రటరీని చూశాడు, సెక్రటరీ నేలను చూశాడు. వేరే దారి లేక వ్యాపారి బయటికి నడిచి, కర్రలు ఎక్కడో పొరపాటున ఉండిపోయాయనీ, ఇందులో ఎవరి తప్పూ లేదనీ వరండా మొత్తానికి వినపడేలా ప్రకటించాడు.

"పొరపాటు కాదండీ," అంది వెనక నుంచి ఆవిడ. "ఫిట్టరు గారు తీశారు. సారుకి కొలిచి చేశానని షాపులో దొరికే చవక రకం అంటగట్టారు, అది బయటపడుతుందని తీశారు. నేను తియ్యలేదు."

మూలనున్న బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు, అది బల్ల నుంచి బల్లకు పాకింది. మూడేళ్ళుగా ఆ సెట్టు గొప్పలు వినీ వినీ విసిగిపోయినవాళ్ళు వాళ్ళంతా.

ఆవిడ లోపలికి వెళ్ళి, తోలు బ్యాగు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర నిలబెట్టింది.

"ఇది మీరు ఇంటికి తీసుకుపోండి సార్. నేనున్నంతకాలం ఈ గదిలో పెట్టను."

అలా కుదరదని చెప్పడానికి సెక్రటరీ నోరు తెరిచాడు. సూది మేడమ్ ఆయన వైపు చూసేసరికి మూసుకున్నాడు. టైల్స్ వ్యాపారి చుట్టూ చూశాడు, ఎవరైనా వచ్చి ఎత్తుకుంటారేమోనని. ఎవరూ లేవలేదు. బ్యాగు పట్టీ ఎక్కడుందో వెతుక్కుని భుజానికి తగిలించుకుని, పార్కింగు దాకా తానే మోసుకుపోయాడు.